మిగిలిన పాట... ఆగిన గిటారు

ఇంగ్లండ్‌లోని డర్హమ్ పట్టణం. కచేరీ అయిపోయింది. కుర్రాళ్లు వేదిక దిగేలోపే చప్పట్లు ఆగిపోయాయి. డ్రెస్సింగ్ రూమ్‌లో అందరి ముఖాలూ వాడిపోయాయి. ‘పోనీలే’ అన్నట్టుగా వారిలో అందరికంటే చిన్నవాడు ఆండీ ఫ్రేజర్ ఓ పల్లవి అందుకున్నాడు. గాయకుడు పాల్ రాడ్జర్స్ దానికి మాటలు చేర్చాడు. అలా పుట్టిందే ‘ఆల్ రైట్ నౌ’. 1970లో ఆ పాట బ్రిటన్‌లో రెండో స్థానానికి, అమెరికాలో నాలుగో స్థానానికి చేరింది.

ఆ బృందం పేరు ‘ఫ్రీ’. 1968లో లండన్‌లో మొదలైనప్పుడు నలుగురిలో ఎవరికీ ఇరవై నిండలేదు. ఫ్రేజర్‌కైతే పదిహేనే! బ్లూస్ సంగీతంలో పెద్దదిక్కు అలెక్సిస్ కార్నర్ వారికి ఆ పేరు పెట్టాడు.

బ్లూస్ అంటే... అమెరికా పత్తిచేలల్లో చెమటోడ్చిన నల్లజాతివారి గుండెకోతలోంచి పుట్టిన సంగీతం. దానికి హార్డ్‌రాక్ హోరు కలిపిన ఇంగ్లిష్ బృందాలు అప్పట్లో చాలానే ఉండేవి. ‘ఫ్రీ’ ప్రత్యేకత మాత్రం తక్కువ వాయించడం! స్వరానికీ స్వరానికీ మధ్య చోటు వదిలేవారు. ఆ నిశ్శబ్దంలో పాల్ కోసోఫ్ ఒక్క గిటారు తీగని వణికిస్తే, మనిషెవరో వెక్కుతున్నట్టే ఉండేది.

పేరొచ్చినంత వేగంగానే కలతలూ వచ్చాయి. 1971లో విడిపోయారు. కోసోఫ్ మత్తుమందుల్లో కూరుకుపోతుంటే చూడలేక, స్నేహితుణ్ని నిలబెట్టుకోవాలని 1972లో మళ్లీ కలిశారు. ఫలితం లేకపోయింది. ఆ ఏడాదే ఫ్రేజర్ తప్పుకున్నాడు. 1973తో ‘ఫ్రీ’ కథ ముగిసింది. 1976 మార్చి 19న లాస్ ఏంజెలెస్ నుంచి న్యూయార్క్ వెళ్తున్న విమానంలో కోసోఫ్ కన్నుమూశాడు. అప్పటికి అతని వయసు 25.

రాడ్జర్స్, డ్రమ్మర్ సైమన్ కిర్క్ కలిసి మరికొందరితో ‘బ్యాడ్ కంపెనీ’ పెట్టారు. 1974లో వచ్చిన వారి తొలి ఆల్బమ్ అమెరికాలో మొదటి స్థానం అందుకుంది. 2025లో ఆ బృందానికి రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. 2015లో ఫ్రేజర్ మరణించాడు. ‘ఆల్ రైట్ నౌ’కి మాత్రం వయసు మీద పడలేదు. 1991లో ఓ చూయింగ్‌గమ్ ప్రకటనతో మళ్లీ బ్రిటన్‌లో తొలి పది పాటల్లోకి వచ్చింది.

కోసోఫ్ తండ్రి డేవిడ్ పేరున్న నటుడు. ఎదిగొచ్చిన కొడుకు పోయాక, ఆ కడుపుకోతనే ఏకపాత్ర ప్రదర్శనగా మలచి వేదికెక్కారు. మత్తు ఓ ఇంటిని ఏం చేస్తుందో పిల్లలకూ పెద్దలకూ చెప్పారు. 2005లో ఆయనా వెళ్లిపోయారు. కొడుకు తీగలమీద పలికించిన నొప్పికి, మిగిలిన సగం కథ ఆ తండ్రిదే.