అడ్వాన్సు సంకెల కాదు

పాకిస్తాన్ వకీలు అస్మా జహంగీర్ 2018 ఫిబ్రవరి 11న లాహోర్‌లో చనిపోయింది. పాలమూరు వాడల్లో ఆమె ముచ్చట ఎందుకని కొందరు పెద్దమనుషులు అడుగుతరు. ఎందుకో చెప్తం.

అక్కడి పంజాబు ఇటుక బట్టీల్లో 'మసీహ్' అని పేరున్న క్రైస్తవులు ఎందరో. వాళ్ల తాతలు ఊడ్చి, మలం ఎత్తిన చూహ్రా కులపోళ్లు. మన మాదిగ, మాల వాడలకు అన్నదమ్ములే. బట్టీ యజమాని ముందుగా ఇచ్చే పైసలను పేష్గీ అంటరు. తండ్రి తీసుకున్నది కొడుకు మీద పడ్తది. 1988లో దర్శన్ మసీహ్, ఆయన తోటోళ్లు సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తికి టెలిగ్రాం కొట్టిండ్రు. ఆ టెలిగ్రామే కేసయింది. అస్మా వాళ్ల పక్షాన నిలబడి వాదించింది. కోర్టు పేష్గీ పద్ధతిని తప్పుపట్టింది. 1992లో వెట్టి రద్దు చట్టం వచ్చింది. దాంతోనే బట్టీలు బాగుపడలేదు, ఆ సంగతీ దాచం.

ఆమె పేదింటి బిడ్డ కాదు, రాజకీయ నాయకుని బిడ్డ. మార్షల్ లా కింద తండ్రిని జైల్లో పెడితే ఇరవై ఏండ్లు నిండకముందే కోర్టుకెక్కి, 1972లో గెలిచింది. 1980లో చెల్లె హీనా జిలానీతో కలిసి ఆడోళ్లే నడిపే వకీళ్ల ఆఫీసు పెట్టింది. 1983లో జియా సర్కారు ఆడదాని సాక్ష్యానికి సగం విలువ కడితే రోడ్డెక్కి జైలుకు పోయింది. 1995లో దైవదూషణ కేసుల ఉరిశిక్ష పడ్డ సలామత్ మసీహ్ అనే పిల్లగాణ్ణి హైకోర్టులో విడిపిస్తే గుంపులు ఆమె మీదికొచ్చినయి. ఐక్యరాజ్యసమితి తరఫున 2008లో మన దేశమొచ్చి, మతం మారిన దళితునికి ఎస్సీ హక్కు ఎందుకు పోవాలని నివేదికలో నిలదీసింది. మన నాయకులు ఆ కాగితం చదివిండ్రా?

ఇగ మన సంగతి. వనపర్తి, నాగర్‌కర్నూలు నుంచి మేస్త్రి అడ్వాన్సు తీసుకొని గుంపులు గుంపులుగ వలస పోతరు. గద్వాల సీడు పత్తి చేన్లల్ల క్రాసింగుకు చిన్నపిల్లలను దింపిండ్రు. పాకిస్తాన్ కంటే 16 ఏండ్ల ముందే, 1976లోనే, మనకు వెట్టి రద్దు చట్టమున్నది. వెట్టి బాకీ రద్దయినట్టే అని అది చెప్తున్నది. వసూలు చేస్తే మూడేండ్ల దాకా జైలు. వెట్టి కాదని రుజువు చేసే బాధ్యత పైసలిచ్చినోనిది, కూలోనిది కాదు! దళితుణ్ణి వెట్టికి పెడితే అట్రాసిటీ కేసు కూడా.

చట్టముండి ఏం లాభం? బాధితుని తరఫున మాట్లాడాల్సినోళ్లే రాజీ కుదిర్చి కమీషను తింటున్నరు. మూడు జిల్లాలు 2016లో ఏర్పడ్డయి, కలెక్టరు పాలమూరుల ఉన్నడు దూరమనే సాకు పోయింది. చట్టం చెప్పిన విజిలెన్సు కమిటీ మీ డివిజనుల ఎప్పుడు కూసున్నదో అడగండి.

పేరు, ఊరు, తీసుకున్న పైసలు, పనిచేసిన దినాలు, కొట్టింటే ఆ సంగతి. గింత రాసి ఆర్డీవోకు ఇయ్యండి. నకలు మీద ముద్ర కొట్టించుకోండి. ముద్ర కొట్టనంటే అక్కడ్నే కూసోండి.