ఇంద్రజాలము - ప్రేక్షకుని స్మృతి

హైదరాబాదు పాతబస్తీలోని సాలార్‌జంగ్ మ్యూజియమునందలి గడియారము ఎదుట ప్రతిగంటకు జనులు గుమిగూడుదురు. చిన్నబొమ్మ వెలికివచ్చి గంట కొట్టి లోనికి పోవును. క్షణక్షణము సుత్తె వేయు కమ్మరిబొమ్మయు అందే కలదు. దానిపై చూపు నిలుపువారు తక్కువ. గారడీవాని విద్యకు మూలము ఈ చూపు మళ్లుటయే.

అయితే భ్రమ చూపుతో ముగియదు. 1890లో ఒక చికాగో పత్రిక త్రాటిగారడీని గూర్చి కథ ప్రకటించి, కొన్ని మాసములకు అది కల్పనయని ఒప్పుకొనెను. అయినను కన్నులార చూచితిమన్నవారు పుట్టుకొనివచ్చిరి. 1996లో వైజ్‌మన్, లామాంట్ అను పరిశోధకులు అట్టి కథనములను పరిశీలింపగా, చూచుటకును చెప్పుటకును నడుమ ఎడము హెచ్చినకొలది అద్భుతమును హెచ్చినట్లు తేలెను.

కొఱవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలో ఐంద్రజాలికుడు ఆకాశమునకు పోవుట, అవయవములు నేలరాలుట, భార్య అగ్నిప్రవేశము, అతడు మరల వచ్చి భార్యను అడుగుట వర్ణితములు. దీనిని నాటి ప్రదర్శనకు యథాతథ చిత్రణముగా గ్రహించుట తొందరపాటు. (కథ సంస్కృతమునుండి వచ్చినదనుటయు మరువరాదు.) ఇది ప్రదర్శనకు కాదు, జనస్మృతికి సాక్ష్యము. తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున స్మృతిని అనుభవమునుండి వేరుచేసి, స్మృతియందును యథార్థము, అయథార్థమను భేదము చెప్పినాడు. తర్కము బోధించు కళాశాలలనుండి వెలువడు సాంఘిక చరిత్ర వ్యాసములు ఈ భేదమును పాటింపకుండుట వింత. విప్రవినోదులను గూర్చి వ్రాయువారైనను, చూచినదెవరు, వ్రాసినదెన్నాళ్లకు అని ముందుగా విచారింపవలెను.