సోఫా సెట్టు కొనేముందు నవారు మంచం మాట

ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో ఒక ఫర్నిచర్ షాపు మెట్లెక్కారనుకోండి. ఎదురుగా తళతళలాడే డబుల్ కాట్, తలవైపు మెత్తటి దిండులాంటి పలక, పక్కన నిలువుటద్దం డ్రెస్సింగ్ టేబులు! "లేటెస్ట్ మోడలమ్మా, డిజైనర్ పీసు" అంటాడు షాపాయన. అప్పుడు మంచం వంక కాదు, ఒకసారి మీ ఇంటి వంక మనసు మళ్ళించండి.

కైరుప్పలలాంటి ఊళ్ళో మన ఇల్లెలా ఉంటుంది? మిద్దె ఇల్లు, ఒకటో రెండో గదులు, వేసవిలో లోపల ఉక్క, బయట దుమ్ము. ఇక ఉగాది వచ్చిందంటే మరునాటి పిడకల సమరం చూడ్డానికి చుట్టాలు దిగుతారు. ఆ రాత్రి మీ డబుల్ కాట్ మీద ఎందరు పడుకుంటారు? మహా అయితే ముగ్గురు. మిగతావాళ్ళకు చోటు లేకుండా గదంతా ఆక్రమించి కూర్చునేదీ ఆ మంచమే! అదే నవారు మంచాలైతే పగలు గోడకు నిలబెడతాం, రాత్రి మిద్దెమీదికి ఎక్కిస్తాం.

అట్లాగని కొత్తవన్నీ పనికిరానివని నేననడం లేదు. ఇప్పుడు ఇంటి సామానులో ఫ్యాషన్ ఎటు పోతున్నదో చూస్తే మీకే నవ్వొస్తుంది. బరువైన చెక్కడాలు తగ్గాయి. ఊడవడానికి వీలుగా కింద ఖాళీ ఉండే సన్నటి కాళ్ళు, గాలి ఆడే అల్లిక సీట్లు, పగలు కూర్చోను రాత్రి పడుకోను పనికొచ్చే దివాన్లు, కింద సొరుగులున్న బల్లలు... ఇవే కొత్త మోడళ్ళట! అల్లిక, ఖాళీ, ఒక వస్తువుకు రెండు పనులు... మన నవారు మంచం చేసేది ఇంకేమిటి?

చండీగఢ్ నగరం కట్టినప్పుడు 1950లలో పియరీ జెన్నరే అనే స్విట్జర్లాండ్ ఆయన అక్కడి ఆఫీసుల కోసం టేకు చెక్కతో, పేము అల్లికతో కుర్చీలు చేయించాడు. మామూలు గుమాస్తాలు కూర్చున్న కుర్చీలే. పాతబడ్డాక వాటిని తుక్కు కింద అమ్మేశారు. అవే ఇవాళ విదేశాల్లో వేలంపాటల్లో లక్షలు పలుకుతున్నాయి! 2017లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో మన తాడు మంచంలాంటి మంచాన్ని 990 డాలర్లకు అమ్ముతున్నారని పేపర్లలో ప్రకటన చూసి మనవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. దూరమైతే డిజైనరు, దగ్గరుంటే పాత సామాను! ఆ లెక్కన మీ అత్తగారి మంచాన్ని పాతసామాన్లవాడికి వేసేముందు మరోసారి చూసుకోండి.

దాన్నే దివాన్ చేయించుకోవచ్చు. వేప, టేకు పట్టెలు గట్టిగా ఉంటే వడ్రంగితో కోళ్ళు సరిచేయించి, పాత రంగు గీకించి పాలిష్ పెట్టించండి. నూలు నవారుకూ నైలాన్ నవారుకూ తేడా తెలుసుకోండి. నైలానుది త్వరగా సాగదు, ఉతికితే ఇట్టే ఆరుతుంది. కానీ ఎండలో వదిలేస్తే పెళుసెక్కుతుంది, నూలు మీద ఉండే చల్లదనం దానికి లేదు. నూలుదైతే అప్పుడప్పుడు విప్పి బిగించుకోవాలి, ఆ కష్టం తప్పదు. మరొక ఇబ్బంది కూడా చెప్పాలి, దాచడం దేనికి? అల్లిక మంచానికి నల్లులు పడతాయి. కోళ్ళ సందుల్లో మరిగే నీళ్ళు పోసి, రెండు మూడు రోజులు గట్టి ఎండలో పెట్టాలి. మెరుగుపాలిష్ చేయించిన దానికి మాత్రం వేడినీళ్ళు వద్దు, తెల్లమచ్చలు పడతాయి.

పైన పరిచేందుకు దూరం పోనక్కర్లేదు. ఆదోని నూలు జంపఖానాలకు పాతకాలం నుంచీ పేరుంది. ఎమ్మిగనూరు సంగతి సరేసరి. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత సహకార సంఘం పెట్టారు, 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మందపాటి చేనేత దుప్పటి ఒకటి దివాన్ మీద, అదే రంగు గుడ్డతో రెండు బాలీసులు వేయండి. షాపులో దొరికే జిగేల్ గుడ్డలకన్నా హుందాగా ఉంటుంది, పైగా చెమటను పీలుస్తుంది. పరుపు మాటకొస్తే, పత్తి మార్కెట్టు పక్కన పెట్టుకుని మనం ఫోము పరుపు మీద చెమటలు కక్కుతాం! దూది పరుపు బరువే, ఎండబెట్టాలి, కొన్నేళ్ళకు ఏకించాలి. కానీ ఏకిస్తే మళ్ళీ కొత్తదవుతుంది. ఫోము కుంగితే పారెయ్యడమే.

ఇక అసలు జాగ్రత్త. తక్కువ ధరకు మెరుస్తూ కనిపించే మంచాలు, బీరువాలు చాలావరకు పార్టికల్ బోర్డువి. అంటే చెక్కముక్కలు, రంపపు పొట్టు జిగురుతో కలిపి ఒత్తిన పలక. పైన చెక్క చారల కాగితం అంటించి ఉంటుంది. నీళ్ళు తగలనంతవరకూ బాగుంటుంది. మనం రోజూ తడిబట్ట పెట్టే నేలమీద దాని కాళ్ళ దగ్గర అంచు లేచిందా, అంతే, రొట్టెలా ఉబ్బుతుంది. మేకు పట్టు వదిలేస్తే మళ్ళీ బిగించడం కష్టం. ఇల్లు మారినప్పుడల్లా విప్పి బిగించేవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మేలు.

ఎలా గుర్తుపట్టాలి? సొరుగు పూర్తిగా బయటికి లాగి వెనకవైపు, రంగు వెయ్యని అంచు చూడండి. పొడిపొడిగా కనిపిస్తే పార్టికల్ బోర్డు. పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్. నున్నగా అట్టలా ఉంటే ఎం.డి.ఎఫ్. ప్లైవుడ్‌లోనూ రకాలున్నాయి. ఐ.ఎస్. 710 గుర్తుంటే నీళ్ళకు బాగా ఓర్చుకునే రకం, వంటింటి అరలకు అదే నయం. ఏ చెక్కో బిల్లు మీద రాసిమ్మనండి. "ఫుల్ వుడ్డేనమ్మా" అని నోటితో అన్నవాడు రాయడానికి తటపటాయిస్తే మీకు సమాధానం దొరికినట్టే.

ఇదంతా ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. మనవైపు ఎక్కువ ఇళ్ళలో ఈ సెట్లు కొనేది మనకోసం కాదు, ఆడపిల్ల పెళ్ళికి. వానలు లేక పంట పోయిన ఏడు కూడా కాట్, బీరువా, సోఫా అంటూ జాబితా తయారు. అప్పు చేసి కొన్న మంచం, అప్పు తీరకముందే కాళ్ళు ఊడదీసుకుని పెరట్లో పడుంటుంది. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది. డబ్బే కాదు, పెళ్ళి పేరుతో అడిగి పుచ్చుకునే సామాను కూడా దాని కిందికే వస్తుంది. మగపెళ్ళివారు అడగకపోయినా "నలుగురూ ఏమనుకుంటారో" అని మనమే పెట్టే ఖర్చు సంగతి వేరు. దానికి చట్టమేం చేస్తుంది? అమ్మాయినే అడగండి, ఆ గదిలో ఉండబోయేది తనే. నిలువుటద్దం బల్ల బదులు కుట్టుమిషను కావాలంటుందేమో! సోఫా డబ్బు తన పేర బ్యాంకులో వెయ్యమంటుందేమో! అలా అన్న పిల్లను గడుసుదని నేనైతే అనను.

కొనక తప్పదనుకుంటే మరొక్క సంగతి. ఇప్పుడు నేలకు ఆనేంత పొట్టి సోఫాలు ఫ్యాషన్. ఇంట్లో మోకాళ్ళ నొప్పుల పెద్దవాళ్ళుంటే అవి వద్దు. కూర్చునే ఎత్తు సుమారు 17, 18 అంగుళాలు ఉండి, చేతులు ఆనించి లేవడానికి పక్క పట్టీలుండాలి. షాపులో అత్తగారిని కూర్చోబెట్టి, ఎవరూ చెయ్యి అందించకుండా లేవమనండి. బయల్దేరేముందు మీ ఇంటి గుమ్మం వెడల్పు, మెట్ల మలుపు టేపుతో కొలిచి కాగితం మీద రాసుకోండి. పాత ఇళ్ళ గుమ్మాలు ఇరుకు. మంచం విప్పి లోపల బిగించే రకమేనా, బిగించే మనిషి కూలీ, బండి కిరాయి ఎవరివి... ఇవన్నీ డబ్బు చేతికివ్వకముందే తేల్చుకోండి.