శని ఎవరినీ ఇంటర్వ్యూ చేయడు

హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో, చిక్కడపల్లి గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదివే పిల్లల చేతులు చూడండి. మధ్య వేలికి నీలం రాయి ఉంగరం చాలామందికి కనిపిస్తుంది. రాయి చర్మానికి తగలాలని అడుగున వెండి లేకుండా చేయిస్తారు. గంటల తరబడి పెన్ను పట్టే వేలికి అది ఒరుసుకుని కాయ కాస్తుంది. నాలుగుసార్లు ఉద్యోగం తప్పాక ఇంట్లోవాళ్లు అప్పు చేసి తొడిగిన ఉంగరం అది. "మావాడికి టైం బాలేదండీ, ఏలినాటి శని నడుస్తోంది" అని పెళ్లిళ్లలో చెప్పుకోవడానికి కూడా అదే ఆధారం.

ఈ ఏలినాటి శనిని ఒకసారి లెక్క కట్టి చూద్దాం. శని సూర్యుడి చుట్టూ తిరగడానికి దాదాపు 29న్నర ఏళ్లు పడుతుంది. అంటే ఒక్కో రాశిలో రెండున్నరేళ్లు. జన్మరాశికి ముందు రాశి, జన్మరాశి, ఆ తర్వాతి రాశి కలిపి ఏడున్నరేళ్లు. కాబట్టి ఏ రోజు చూసినా పన్నెండింటిలో మూడు రాశులవాళ్లకు ఏలినాటి శని ఉండి తీరుతుంది. దానికి ఒక్కో రాశి చొప్పున అష్టమ శని, అర్ధాష్టమ శని కలపండి, ఐదు రాశులవుతాయి. జనాభాలో సుమారు ఐదింట రెండొంతుల మంది ఎప్పుడూ శని పట్టినవాళ్లే! అపాయింట్‌మెంట్ ఆర్డర్ అందుకున్నవాళ్లలోనూ ఆ రాశులవాళ్లు ఉంటారు. వాళ్ల జాతకాలు మాత్రం ఎవరూ తిరగేయరు.

2022 అక్టోబరులో తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ జరిగింది. పోస్టులు 503, రాసినవాళ్లు 2 లక్షల 80 వేలకు పైనే. ఒక్కో పోస్టుకు 550 మందికి పైగా పోటీ. సుమారు 25 వేల మంది మెయిన్స్‌కు అర్హత సాధించారు. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్‌లో మళ్లీ పెడితే, బయోమెట్రిక్ లోపాల మీద హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో ఆ నోటిఫికేషన్నే ఎత్తేసి, 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. మేషం నుంచి మీనం దాకా అన్ని రాశుల పిల్లల శ్రమా ఒక్క రోజున మట్టిలో కలిసింది. దీనికి కారణం ఆకాశంలో లేదు, పరీక్ష పెట్టిన పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసులో ఉంది. గ్రహాన్ని నిందించిన ప్రతిసారీ జవాబు చెప్పాల్సినవాళ్లు తప్పించుకుంటున్నారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

జాతకంలో ఏదో ఉంటుందిలే అనేవాళ్ల కోసం ఒక పరీక్ష సంగతి చెప్పాలి. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్, హేతువాది నరేంద్ర దభోల్కర్ సంస్థతో కలిసి పూణేలో జ్యోతిష్కులకు జాతకాలు పంపారు. కొన్ని చదువులో చురుకైన పిల్లలవి, కొన్ని బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలవి. ఏది ఎవరిదో చెప్పమన్నారు. 27 మంది జవాబులు పంపారు. సగటున సరిపోయినవి నూటికి 46. కళ్లు మూసుకుని నాణెం ఎగరేసినా సగం సరిపోతాయి.

గుడి మొక్కుల లెక్కా ఇలాంటిదే. చిలుకూరు బాలాజీ గుడిలో వీసా కోసం మొక్కుకోవడానికి 11 ప్రదక్షిణలు, అది వచ్చాక 108. ఆ 108 తిరిగేవాళ్లంతా వీసా వచ్చినవాళ్లే కనుక గుడి నిండా విజయమే కనిపిస్తుంది. రానివాడు తిరిగి రాడు, లెక్కలోకీ రాడు.

ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో కొత్త మొక్కు వచ్చింది. కోరికను ఉదయం మూడుసార్లు, మధ్యాహ్నం ఆరుసార్లు, రాత్రి తొమ్మిదిసార్లు రాయమంటారు. గట్టిగా నమ్మితే విశ్వమే ఇస్తుందట. రాకపోతే నువ్వు సరిగా నమ్మలేదని అర్థమట! పూజలో లోపం జరిగిందనే పాత మాటే ఇది. రెండు చోట్లా తప్పు కుర్రాడిదే అవుతుంది. అసలే తిరస్కారంతో కుంగినవాడి మీద ఈ నేరం మోపడం క్రూరత్వం.

ధైర్యం నిలవాలంటే కారణం తెలియాలి. దరఖాస్తులకు పిలుపే రావడం లేదంటే చూసుకోవాల్సింది రెజ్యూమే. పిలుపులు వచ్చి చివరి రౌండ్‌లో పోతుంటే, మాట్లాడే తీరు చూసుకోవాలి. రెండూ బాగున్నా రాకపోవచ్చు. కంపెనీ నియామకాలు ఆపేసి ఉండవచ్చు, లోపలివాళ్ల సిఫారసుతో పోస్టు ముందే నిండి ఉండవచ్చు. పోటీ పరీక్షలో అయితే మార్కులు, తుది కీ దగ్గర పెట్టుకుని ఎక్కడ పోయిందో చూడొచ్చు. ఒక పోస్టుకు 550 మంది ఉన్నచోట 549 మందికి రాదు. వాళ్లందరూ చేతకానివాళ్లు కారు, దురదృష్టవంతులూ కారు. ఈ లెక్క తెలిసినవాడు తనను తాను అసహ్యించుకోకుండా మళ్లీ దరఖాస్తు పెట్టగలడు. వయసు, అప్పు చూసుకుని వేరే దారి పట్టాలనుకుంటే, అదీ తలెత్తుకునే పట్టగలడు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఈసారి ఫలితం తేడాగా వస్తే పంచాంగం తీయకండి. "ఏ దశలో పోయింది నాన్నా?" అని అడగండి. శాంతిపూజకు దాచిన డబ్బు వాడి మెస్ బిల్లుకు పంపండి.