చిలకజోస్యం కాదు, లెక్క!

మా వదిన ఒక్కసారి ఫోనులో పట్టుచీరలు చూసింది. అంతే, ఇక రోజూ చీరలే! "నా మనసు దీనికెలా తెలిసిందమ్మా!" అని ఒకటే మురిసిపోతోంది. మనసూ లేదు, మంత్రమూ లేదు వదినా! ఆ చీరలు చూసినవాళ్ళు ఇంకేం చూశారో, ఏం కొన్నారో లెక్కగట్టి, నువ్వూ అంతేనని అంచనా వేస్తుందది. ఏ సినిమాకి ఎవరెన్ని మార్కులిస్తారో చెప్పే అంచనాని 10 శాతం మెరుగుపరిచినందుకు 2009లో నెట్‌ఫ్లిక్స్ వారు 10 లక్షల డాలర్ల బహుమతిచ్చారు. లాభం లేనిదే ఇస్తారా?

అయినా, చీరలు చూసినామెకి చుక్కల శాస్త్రం అక్కర్లేదని తేల్చడానికి అదెవరు? "ఆడవాళ్ళకి ఇంతే చాలు" అనే పెత్తనాన్ని ఎంతో కష్టపడి వదిలించుకున్నాం. మళ్ళీ ఫోను చేతికిస్తామా? అది వడ్డించిందే తినక, కావలసింది మనమే అడిగి వెతుక్కుందాం. దాని లెక్క తప్పితే తప్పనీ!