రాకుమారి చేతిలో పాత మంచం

‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ పేరుతో 1986లో జపాన్‌లో మొదలైన ఆటల వరుసకు పేరు రాకుమారిది, పెత్తనం లింక్ అనే కత్తివీరుడిది. ఆమె చాలాసార్లు దుష్టుడి చెరలో ఉంటుంది, అతను గుహలూ కోటలూ దాటి విడిపించుకొస్తాడు. 1993లో ఈ వరుస గేమ్‌బాయ్ మీద అరచేతిలోకి దిగినప్పుడు కూడా ఆడేవాడి చేతికి వచ్చింది లింకే. 2024 సెప్టెంబర్ 26న నింటెండో స్విచ్‌కి వచ్చిన ‘ఎకోస్ ఆఫ్ విజ్డమ్’లో, ప్రధాన వరుసలో మొదటిసారిగా, జెల్డా తానే బయల్దేరుతుంది. దర్శకుల్లో తోమోమి సానో ఉన్నారు. ఈ వరుసలో ఒక మహిళ దర్శకత్వం వహించడం కూడా ఇదే మొదలు. ఆడపిల్ల నాయిక అయిందన్న సంతోషంలో చాలామంది దీన్ని మెచ్చుకున్నారు, సంతోషించాల్సిన విషయమే. కానీ ఆమె చేతికి అదే కత్తి ఇచ్చి ఊరుకుని ఉంటే తెర మీద బొమ్మ మారేది, ఆట పాతదే అయ్యేది. కత్తి ఉండాల్సిన చోట యుక్తిని కూర్చోబెట్టడమే దీని గొప్పతనమని నా అభిప్రాయం.

మొదటి అరగంట చూస్తే చాలు, తయారుచేసినవాళ్ల ఉద్దేశం తెలిసిపోతుంది. మొదట మన చేతికి లింక్‌నే ఇస్తారు. కత్తి, డాలు, బాణాలు అన్నీ ఉంటాయి. రాక్షసుడు గానన్‌ను కొట్టి రాకుమారిని విడిపించబోయేలోపే నేల చీలి లింక్‌ను మింగేస్తుంది. పడిపోతూ అతను వేసిన బాణంతో ఆమె బయటపడుతుంది. అక్కడినుంచి మన చేతిలో కత్తి లేదు. ఆమె మళ్లీ చెరసాలలో పడ్డాక ట్రై అనే చిన్న వెలుగుపిట్టలాంటి ప్రాణి వచ్చి ఒక దండం ఇస్తుంది. ఆ దండంతో కంటికి కనిపించిన కొన్ని వస్తువులకు నకలు తీయవచ్చు. మొదటి నకలు బల్ల. దాన్నెక్కి గోడ దాటాలి. ఆ తర్వాత కుండలో దాక్కుని కాపలావాళ్ల కన్నుగప్పాలి. ఇంకాస్త ముందుకెళ్తే పాత మంచం దొరుకుతుంది. దాన్ని అగాధం మీద పరిస్తే వంతెన, ఒకదాని మీద ఒకటి పేర్చితే మెట్లు, అలసిపోతే పడుకోవడానికి పడక. ఓడించిన రాక్షసులకు కూడా నకళ్లు తీసి మన తరఫున పోరాడించవచ్చు. అయితే ఒకేసారి ఎన్ని నిలబెట్టగలమన్నదానికి హద్దుంది. అది దాటితే పాతవి మాయమవుతాయి. ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో ఆలోచించే పని అక్కడే మొదలవుతుంది.

మన జానపదానికి ఈ రకం ఆలోచన కొత్త కాదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం కత్తికి అందదు. ఏడు సముద్రాల అవతల చిలుకలో ఉందన్న గుట్టు తెలిస్తేనే పోతుంది. అయితే ఆ కథలో చిలుకను సాధించేది ఆమె కొడుకు బాలవర్ధిరాజు. బాలనాగమ్మ చెరలోనే ఉంటుంది. జెల్డా కూడా ఇన్నేళ్లూ బాలనాగమ్మే. ఇప్పుడు చిలుక కోసం తానే వెళుతోంది, తేడా అంతా అక్కడే ఉంది. మంచం ఒక్కదానితో సగం చిక్కులు విడిపోతుంటే ఇక బుర్రకు పనేముందని విమర్శ వచ్చింది. కొంత నిజమే. ఒకే కిటుకును పట్టుకుని వేలాడేవాళ్లను ఆట ఆపదు. కానీ ఒక చిక్కుకు ఒకే జవాబు ఉన్న ఆటలో పిల్లలు వెతికేది తయారీదారు మనసులోని జవాబు. ఇక్కడ వెతికేది తమ జవాబు. రెండోదే కష్టమైన చదువు. నడుమ రాకుమారికి కత్తి పట్టే రూపం కూడా వస్తుంది కదా అని ఇంకో మాట ఉంది. వస్తుంది, కానీ ఆ శక్తి కాసేపటికే కరిగిపోతుంది, మళ్లీ కూడబెట్టుకోవాలి. కత్తిని అత్యవసరానికి మాత్రమే ఉంచారన్నమాట. నన్ను నిజంగా విసిగించేది వేరే. నకళ్లు పెరిగేకొద్దీ కావలసినదాన్ని పొడవాటి వరుసలో వేలితో జరుపుకుంటూ వెతకాలి. యుక్తి తట్టాక వస్తువు కోసం తడుముకోవాల్సి రావడం లోపమే.

ఆటలన్నీ ఒకటేనని, పిల్లల కళ్లూ చదువూ పాడవుతాయని తల్లిదండ్రులు భయపడతారు. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయను, గంటల లెక్క ఏ ఆటకైనా ఉండాల్సిందే. కానీ గురిపెట్టి కాల్చడమే పనిగా ఉన్న ఆటనీ, బల్ల వేసి గోడ దాటమనే ఆటనీ ఒకే గాటన కట్టేస్తే, పిల్లలకు మంచిది ఏరి ఇచ్చే అవకాశం మనమే పోగొట్టుకుంటాం. పుస్తకాల విషయంలో మనం అలా చేయలేదు కదా.

ఈ ఆటలో పాత్రలు నోరు విప్పి మాట్లాడవు. మాటలన్నీ తెర మీద చదువుకోవాలి. ఆట దొరికే భాషల్లో భారతీయ భాష ఒక్కటీ లేదు. తమిళనాడు–ఆంధ్ర సరిహద్దులోని ఎలవూరులాంటి ఊరి నుంచి చూస్తే ఈ వెలితి రెండింతలు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్రప్రదేశ్ నుంచి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. తిరువళ్లూరు జిల్లాలో ఈ సరిహద్దు పొడుగునా ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. తమిళనాడు 2006 చట్టంతో బడిలో తమిళం తప్పనిసరైంది. ఇంటి భాష, బడి భాష రెండూ ఆ తెర మీద కనిపించవు. ఇంగ్లిష్ నేర్చుకుంటారులే అనవచ్చు. ఇంగ్లిష్ ముందే వచ్చినవాళ్లకు అది మెరుగుపడుతుంది, రానివాళ్లు మాటలు దాటేసి బొమ్మల వెంట పరుగెత్తుతారు, కథ జారిపోతుంది. మన భాషల్లో ఇవ్వడం ఎవరికీ చేతకాని పని కాదు. మద్రాసులో 1947లో చందమామ మొదలైనప్పుడు తెలుగులో చందమామగా, తమిళంలో అంబులిమామగా వచ్చింది. దాసరి సుబ్రహ్మణ్యం తోకచుక్క, కంచుకోట లాంటి సాహసాలు నెలనెలా అల్లుతుంటే, చిత్రా బొమ్మలు వేస్తుంటే, సరిహద్దులో తెలుగు చదివే పిల్లవాడికీ పక్కింట్లో తమిళం చదివే పిల్లవాడికీ ఒకే పత్రిక రెండు భాషల్లో అందేది.