కంపు ఎక్కడిది? నింద ఎవరికి?

ఇంట్లో మురుగు కంపు వస్తే ఇంటిల్లిపాదీ ముందు చూసేది ఆడమనిషి వంక. "తూము కడిగావా?" అంటారు. వినడానికి అది ప్రశ్నలాగే వుంటుంది గానీ ప్రశ్న కాదు, తీర్పు. ఆ తీర్పు ఇరవై ఏళ్ళుగా వింటున్నదాన్ని గనక ఇది రాస్తున్నాను. హక్కుల గురించి మాట్లాడుకునే పత్రికలో తూముల గోల ఏమిటని కొందరికి అనిపించవచ్చు. అనిపించనివ్వండి.

మేముండేది నర్సీపట్నంలో, అబీద్ సెంటరుకి నడిచిపోయేంత దూరంలో, ఒక డాబా ఇంటి కింది వాటాలో. 2022 ఏప్రిల్ 4న మా ఊరు విశాఖ జిల్లాలోంచి అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారింది గానీ మా వీధి మురుగు సంగతి మారలేదు. ఇంటి వెనక సెప్టిక్ ట్యాంకు, ఇంటి ముందు సిమెంటు కాలవ, అంతే. ఒక వేసవిలో పిల్లలతో తుని పక్కన మా అమ్మగారి ఊరు వెళ్ళి నెల రోజులు వుండి వచ్చాను. తాళం తీసేసరికి గుప్పుమని కొట్టింది. గదులన్నీ కుళ్ళిన గుడ్ల వాసన. మా ఆయన డ్యూటీకి దూరంగా వుండి ఆ రోజే వచ్చారు. ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "వెళ్ళేముందు కడిగి వెళ్ళలేదా?" అన్నారు. మా అత్తగారు ఏమీ అనలేదు. వెనక్కి తిరిగి చీపురు తీసి నా చేతికిచ్చారు. ఆవిడని తప్పు పట్టను. ఆవిడ కోడలిగా వున్న రోజుల్లో ఆవిడ చేతికీ ఎవరో అలాగే ఇచ్చి వుంటారు.

ఇక నా యుద్ధం మొదలైంది. ఫినాయిలు పోశాను. కలరా ఉండలు వేశాను. అగరొత్తులు వెలిగించాను. కంపూ ఫినాయిలూ కలిసి మరో కొత్త కంపు పుట్టింది. మూడో రోజు యాసిడ్ సీసా తెచ్చి పోసి, అది చాలక పైన బ్లీచింగు పొడి జల్లాను. కళ్ళు మండి, ఊపిరాడక, దగ్గుకుంటూ పెరట్లోకి పరిగెత్తాను. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుందనీ, మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో సైనికులను చంపడానికి వాడింది ఆ వాయువునేననీ తర్వాత తెలిసింది. శుభ్రమైన ఇల్లాలు అనిపించుకోవడానికి నా బాత్‌రూములో నేనే విషవాయువు తయారు చేసుకున్నాను! దయచేసి మీరెవరూ ఆ పని చెయ్యకండి.

అసలు సంగతి చెప్పింది ప్లంబరు కాదు. ప్లంబరు వచ్చాడు, నన్ను దాటుకుని మా ఆయనతో మాట్లాడాడు, "గచ్చు పగలగొట్టి చూడాలండీ" అని ఒక అంకె చెప్పి వెళ్ళాడు. చెప్పింది పక్క స్థలంలో ఇల్లు కడుతుంటే సిమెంటు మోస్తున్న ఒక పెద్దావిడ. మంచినీళ్ళ కోసం వచ్చి, గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి, "తూములో నీళ్ళు ఎండిపోనాయమ్మా. రెండు సెంబులు పోసి సూడండి" అంది. పోశాను. పెరటి బాత్‌రూములోంచి వచ్చే కంపు గంటలోపే తగ్గిపోయింది. అంట్లు తోముకునే చోట మాత్రం తగ్గలేదు. ఆవిడే జాలీ ఎత్తి లోపల వేలు పెట్టి, "ఇందులో బోర్లించే గిన్నేది? ఎవులో తీసి పారేసినారు" అంది. పాతికేళ్ళుగా ఇళ్ళ పునాదుల్లో తిరిగిన మనిషి. ఏ తూము కింద ఏముంటుందో ఆవిడకి తెలుసు. అయినా ఆవిడ మేస్త్రీ కాదు, ఎన్నటికీ కాలేదు. పక్కన అదే తట్ట మోసే మగవాడి కంటే ఆవిడకి కూలి తక్కువ.

ఆవిడ చెప్పింది, తర్వాత నేను అడిగి, చదివి తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను. బాత్‌రూము గచ్చులో జాలీ కింద నహానీ ట్రాప్ అని ఒకటి వుంటుంది. సింకు కింద వంకర గొట్టం వుంటుంది. రెండింటి పనీ ఒకటే, కొంచెం నీళ్ళు ఎప్పుడూ నిలవ వుంచడం. మనం పోసిన నీళ్ళు కిందికి పోతాయి. కింది గాలి మాత్రం ఆ నిలవ నీళ్ళను దాటి పైకి రాలేదు. ఆ నీటి అడ్డు కనీసం 50 మిల్లీమీటర్ల లోతు వుండాలని ఇళ్ళ కట్టుబడి నియమాలు చెబుతాయి. రెండంగుళాల నీళ్ళు! మన ఇంటికీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య వున్న గోడ అంతే. ఇది కొత్త సంగతేమీ కాదు. మరుగుదొడ్డి గొట్టాన్ని వంచి నీళ్ళు నిలపడానికి అలెగ్జాండర్ కమ్మింగ్ అనే ఆయన 1775లోనే బ్రిటన్‌లో పేటెంటు తీసుకున్నాడు.

వాడని తూములో ఆ నీళ్ళు ఎండిపోతాయి. మన మే నెల ఎండలకి మరీ త్వరగా పోతాయి. తలుపులు మూసి ఊరు వెళ్ళినప్పుడు, వాడకుండా వదిలేసిన పెరటి బాత్‌రూములో, చుట్టాలొస్తే తప్ప తెరవని గదిలో జరిగేది ఇదే. నెల రోజులు ఊరు వెళ్ళేటప్పుడు చెంబుడు నీళ్ళు పోసి, పైన నాలుగు చుక్కలు వంటనూనె వేస్తే అది పొరలా తేలి నీళ్ళు ఆవిరి కాకుండా చాలా రోజులు ఆపుతుంది. ఇక గిన్నె సంగతి. కొన్ని నహానీ ట్రాపుల్లో జాలీ కింద చిన్న గిన్నె బోర్లించి వుంటుంది. దాని అంచు నీళ్ళలో మునిగి వుండడం వల్లే గాలి ఆగుతుంది. వెంట్రుకలు చుట్టుకుని నీళ్ళు పోవడం లేదని ఎవరో దాన్ని తీసి పారేస్తారు. నీళ్ళు జోరుగా పోతాయి, కంపూ జోరుగా వస్తుంది. మా ఇంట్లో మాకు ముందున్న వాళ్ళు తీశారో, ఇంటివాళ్ళే తీయించారో తెలియదు. కొత్త గిన్నె కొనడానికి అయిన ఖర్చు నేను యాసిడ్‌కీ ఫినాయిలుకీ పోసిన దానిలో పావు వంతు లేదు.

ఇప్పుడు నా కోపం చెబుతాను. ఇరవై ఏళ్ళు రోజుకి రెండుసార్లు ఆ తూము కడిగిన నాకు ఆ తూము ఎలా పనిచేస్తుందో ఎందుకు తెలియలేదు? బడిలో నాకు ముగ్గులు నేర్పారు, కుట్టుపని నేర్పారు. ఇంటి గొట్టాల గురించి ఒక్క ముక్క చెప్పలేదు. కడగడం మనది, గొట్టం వాళ్ళది. ఇల్లు కట్టేటప్పుడు ప్లాను ముందు నిలబడేది ఇంటి యజమాని, ఇంజనీరు, మేస్త్రీ. ముగ్గురూ మగవాళ్ళే. మనల్ని అడిగేది పూజగది ఎటు వుండాలని మాత్రమే. అంట్లు తోమే చోట వాలు ఎటుండాలి, ట్రాప్ ఎంత లోతుండాలి అని అడిగినవాడిని నేను చూడలేదు. తెలివి వాళ్ళ దగ్గర పెట్టుకుని చీపురు మన చేతికిచ్చారు. తర్వాత కంపు వస్తే నేరం మనదయింది. ఈ నేరభావాన్ని సొమ్ము చేసుకోవడానికి టీవీలో ప్రకటనలు సిద్ధంగా వుంటాయి. చుట్టాలు ముక్కు మూసుకుంటారు, ఇల్లాలు తల దించుకుంటుంది, సీసా రాగానే తల ఎత్తుకుంటుంది. రెండు చెంబుల నీళ్ళు పొయ్యమని ఏ ప్రకటనా చెప్పదు. నీళ్ళు పోస్తే ఎవరికి లాభం?

దీనిలో ప్రాణాల సంగతి కూడా వుంది. 2003 మార్చిలో హాంకాంగ్‌లో సార్స్ జబ్బు వ్యాపించినప్పుడు అమోయ్ గార్డెన్స్ అనే ఎత్తయిన అపార్టుమెంట్లలో ఏప్రిల్ 15 నాటికి 321 మందికి ఆ జబ్బు సోకింది. ఎలా సోకిందని అక్కడి ప్రభుత్వం విచారిస్తే బయటపడిన దారుల్లో ముఖ్యమైనది ఎండిపోయిన బాత్‌రూము ట్రాపులు. అక్కడ ఎక్కువ ఇళ్ళలో బాత్‌రూము గచ్చును నీళ్ళు పోసి కడగరు, తడిగుడ్డతో తుడుస్తారు. అందువల్ల ట్రాపుల్లో నీళ్ళు లేవు. బాత్‌రూము ఫ్యాను తిరిగినప్పుడు మురుగు గొట్టంలోని గాలి, దానితో తుంపరలు, ఇళ్ళలోకి వచ్చాయి. గమనించండి, ఆ ఇళ్ళు మురికిగా వున్నవి కావు. తుడిచి పొడిగా వుంచుకున్న ఇళ్ళు. శుభ్రతకీ ఈ కంపుకీ సంబంధం లేదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆ తర్వాత అక్కడి ప్రభుత్వం వారానికోసారి ప్రతి తూములోనూ అర లీటరు నీళ్ళు పొయ్యమని జనానికి చెప్పింది. మంచి సలహానే. కానీ నాకు వెంటనే వచ్చిన అనుమానం వేరు. ఆ అర లీటరు పోసేదెవరు? ఈ పనీ మన పద్దులోనే పడుతుంది! మా వీధిలో వేసవిలో కుళాయి రాని రోజు బోరింగు దగ్గర నుంచి బిందె మోసేది మనమే. ఆ బిందెలోంచే తూముకి కూడా చెంబుడు తియ్యాలి. కాబట్టి "అక్కలారా, వారానికోసారి నీళ్ళు పొయ్యండి" అని చెప్పి ఊరుకోదలచుకోలేదు. మా ఇంట్లో ఆదివారం ఆ పని మా అబ్బాయిది. కట్టేటప్పుడే చేతులు కడుక్కునే బేసిన్ నీళ్ళు గచ్చు ట్రాపులోకి పోయేలా కలిపితే, ఎవరూ గుర్తుపెట్టుకోనక్కర లేకుండా అది తడిగానే వుంటుంది. మేస్త్రీకి ఇది పెద్ద పనేమీ కాదు. అడిగేవాళ్ళు లేకే చెయ్యడు.

మా పై వాటాలో కొత్తగా పెళ్ళయిన అమ్మాయి వుండేది. ఆరో నెల. వంటింట్లో నిలబడలేకపోతోంది. "వేవిళ్ళు, అంతా నీ భ్రమ" అన్నారు భర్త, అత్త, డాక్టరు దగ్గరికి తోడు వెళ్ళిన ఆడపడుచు. నేను ఒకసారి పైకి వెళ్ళి కిటికీ తెరిచి చూస్తే సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టం మూతి కిటికీకి మూరెడు దూరంలో వుంది. మొదట ఒక్క అంతస్తు వున్నప్పుడు ఆ గొట్టం డాబా కంటే ఎత్తుగానే వుండేదట. పై వాటా కట్టి అద్దెకిచ్చారు గానీ గొట్టం పెంచలేదు. ట్యాంకు ఇంటికి 15 మీటర్ల లోపు వుంటే గొట్టం ఇంటి పైకప్పు కంటే 2 మీటర్లు ఎత్తుండాలని భారతీయ ప్రమాణాల్లో వుంది. ఇంటివాళ్ళని అడిగితే, "ఇన్నాళ్ళూ ఎవరూ అనలేదు, మీకే వస్తోందా వాసన?" అన్నారు. ఆ అమ్మాయి పురిటికి పుట్టింటికి వెళ్ళేవరకూ కిటికీ మూసుకుని ఆ వేడిలో వండింది.

ఆ గాలి ఎటువంటిదో చెప్పాలి. కుళ్ళిన గుడ్ల వాసన వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల. తూములోంచి కొద్దికొద్దిగా వస్తే తలనొప్పి, వికారం. ట్యాంకులో అది చిక్కగా చేరితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, మనిషి అక్కడికక్కడే పడిపోతాడు. మనం జాలీ మూసి తప్పించుకునే ఆ గాలిలోకి ఒక మనిషిని దించుతున్నాం. ఆ మనిషి కులం ఏమిటో ఎవరికీ చెప్పనక్కర లేదు. 2013లో వచ్చిన చట్టం ప్రకారం రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడం నేరం. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు. ఈ నేరం మునిసిపాలిటీకే కాదు, ఇంటి యజమానికీ వర్తిస్తుంది. సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న, 1993 నుంచి ఈ పనిలో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలని తీర్పు చెప్పింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలు చేసింది. ఆ సంస్థను నడిపిన బెజవాడ విల్సన్ కోలారు బంగారు గనుల్లోని తెలుగు కుటుంబంలో పుట్టినవాడు. 2016లో మెగసెసే అవార్డు వచ్చినప్పుడు మన పత్రికలన్నీ ఆయనది తెలుగు పేరని మురిసిపోయాయి. పొడి మరుగుదొడ్లు చేతులతో ఎత్తినవాళ్ళలో అత్యధికులు దళిత స్త్రీలని మాత్రం అంత గట్టిగా రాయలేదు.

"ఇంట్లో కంపుకీ దీనికీ ముడి పెడతావేం?" అని మా సమావేశంలో ఒకావిడ అడిగింది. ముడి నేను పెట్టలేదు. ఒకే గొట్టానికి రెండు చివరలు. ఈ చివర కంపు వస్తే ఇంట్లో ఆడదానికి శుభ్రత లేదంటారు, ఆ చివర మనిషి చచ్చిపోతే వాడు తాగి దిగాడంటారు. గొట్టం సరిగా వేయని వాడి మాట రెండుచోట్లా రాదు.

మేం కొన్ని పనులు మొదలుపెట్టాం. మా సంఘంలో పదిహేను మందిమి ఒకరి ఇంట్లో చేరి జాలీలు ఎత్తి చూడడం నేర్చుకున్నాం. నేర్పింది ఆ సిమెంటు మోసే పెద్దావిడే. ఆ రోజు పోయిన ఆవిడ కూలి మేం చందా వేసుకుని ఇచ్చాం, మేస్త్రీ రేటు ప్రకారం. ఇంటి ప్లానుకి అనుమతి ఇచ్చేటప్పుడు గాలి గొట్టం ఎత్తు, ట్రాపులు చూడాలనీ, పై అంతస్తు లేపినప్పుడు మళ్ళీ చూడాలనీ, ట్యాంకులు యంత్రంతోనే తీయించాలనీ ఒక అర్జీ రాసి మునిసిపాలిటీలో ఇచ్చాం. తీసుకున్న గుమాస్తా చదివి నవ్వాడు. రశీదు అడిగితే నవ్వు ఆపి ముద్ర వేసి ఇచ్చాడు.

మా ఇంటివాళ్ళు గొట్టం ఇంకా పెంచలేదు. పై వాటాకి కొత్తవాళ్ళు వచ్చారు. వచ్చిన రోజు సాయంత్రమే ఆవిడని వంటింటి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించాను.